వేట నిలిచిన దినములకు కూరతోట

(మార్కండిలో ప్రార్థనామందిరపు ఆవరణమున ఉమ్మడి కూరతోటను ప్రారంభించిన సందర్భమున చేసిన ప్రసంగపాఠము)



ఈ మందిరపు ఆవరణలో మొదటి విత్తు వేయు పనిని నాకప్పగించినారు. నేను ఈ సంఘమునకు చెందినవాడను కాను. రైతును అంతకంటెను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, మా తండ్రిగారి కొట్టులో కూర్చుండి, పప్పు, ఉప్పు, చింతపండు తూచుచు ఇరువది యేండ్లకు పైగా గడిపినవాడను. తోట పని తెలిసిన వారిని పిలువక నన్నేల పిలిచితిరని కాపరిగారిని అడిగితిని. “తోట పని అమ్మలకు తెలియును. లెక్క తెలిసినవారొకరు కావలెను” అని వారు చెప్పిరి. కావున నా మాటలు లెక్కతోనే ప్రారంభించెదను. తప్పులున్న పెద్దలు సరిదిద్దెదరు గాక.

ప్రతి సంవత్సరమును ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు మన తూర్పు సముద్రతీరమున యంత్రపు పడవలకు వేట నిషిద్ధము. ఏప్రిలులో 16 దినములు, మేలో 31, జూనులో 14, వెరసి 61 దినములు. మునుపు ఈ నిషేధము 47 దినములే. 2015 నుండి 61 దినములైనది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వాటిని వదలినగాని మరునాటికి చేప మిగులదు. అందుచే దీనిని నేను తప్పుపట్టను. ఇదిగాక మన గంజాం జిల్లాలోని రుషికుల్య ముఖద్వారమువద్ద నవంబరు 1 నుండి మే 31 వరకు తీరమునకు 20 కిలోమీటర్ల లోపల తాబేళ్ల రక్షణకై మరియొక నిషేధము కలదు. సముద్రము మనది మాత్రమే కాదు, తాబేలుది కూడ. ఈ న్యాయమును ఒప్పుకొనవలసినదే. కాని న్యాయము న్యాయమే, ఆకలి ఆకలియే. ఆ 61 దినములు పొయ్యిమీద ఏమి యుండును? ఇదియే నేటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు నా ఖాతా పుస్తకములో సగము జవాబు కలదు. మిగిలిన పది నెలలలో నా కొట్టునుండి కూరగాయలు, ఉల్లి, బంగాళాదుంప ఇంటింటికి పోవును. ఏప్రిలు నెల సగమైన పిదప మొట్టమొదట ఆగునది కూరగాయల కొనుగోలే. తరువాత పప్పు తగ్గును. తుదకు ఉప్పు, మిరపకాయలు, చింతపండు, ఇవి మాత్రమే అరువు పద్దులలో మిగులును. గత వేసవిలో ఒక ముసలమ్మ కొట్టుకు వచ్చి పావు కిలో చింతపండు అడిగినది. “అవ్వా, కూరగాయ లేమైనను తీసికొందువా?” అని నేనడుగగా, “బియ్యం ఉన్నాయి బాబూ, కూరే లేదు. అప్పు మీద వంకాయ తినడానికి నోరు రాదు” అని పలికినది. ఆ మాట నా చెవులలో నేటికిని వినబడుచున్నది.

ఆమె పలికినది అక్షరాల సత్యము. ఆహారభద్రత చట్టము క్రింద తలకు నెలకు 5 కిలోల ధాన్యము వచ్చుచున్నది. 2023 జనవరి నుండి అది ఉచితముగానే ఇచ్చుచున్నారు. కడుపు నిండుటకు ఒక దారి ఏర్పడినది. కాని కడుపు నిండుట వేరు, ఒంటికి బలము వచ్చుట వేరు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ప్రారంభమై, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో, పెద్దవానికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావలెనని తెలిపినారు. ఐదుగురున్న ఇంటికి దినమునకు రెండు కిలోలు. 61 దినములకు 122 కిలోలు. బజారులో కొనుటకు చేతిలో పైకము లేని కాలమున ఈ 122 కిలోలు ఎక్కడనుండి రావలెను?

ఈ తోట ఆ మొత్తమును ఈయగలదని నేను చెప్పను. చెప్పినచో వర్తకుడు తప్పుడు తూకము వేసినట్లగును. దినము విడిచి దినము ఒక కట్ట ఆకుకూర, వారమునకు రెండు మూడు సార్లు బెండయో, దోసయో, బీరయో ఈ తోట ఈయగలిగినచో, అప్పు లేని కూర ప్రతి ఇంట ఉడుకును. నేటి సభవారు పెట్టుకొనవలసిన గురి ఇదియే. అంతకు మించినది దైవానుగ్రహము.

ఇక కాలము సంగతి. చలిదేశములలో చర్చివారు తోటలను వసంతమున తెరచెదరు. అక్కడ మంచు కరగి, నేల మెత్తబడి, వసంతముతోనే విత్తనపు కాలము మొదలగును. మనకు అట్లు కాదు. మన కూరల కాలము కార్తికముతో వచ్చి మాఘముతో ముగియును. కోబి, ముల్లంగి, టమాటా, చిక్కుడు అన్నియు చలిలో కాచి, వసంతము రాగానే సెలవు పుచ్చుకొనును. కనుక మన దేశమున వసంతపు తోట అనగా నీటిని నమ్ముకొని, ఎండకెదురుగా నిలిచి వేయవలసిన తోట. అందుకు తగిన విత్తనము వేరు, తగిన పనితీరు వేరు. పటములో చూచిన తోటను ఇక్కడకు దించినచో ఉగాది నాటికి ఎండుటాకులే మిగులును.

నేటినుండి ఏప్రిల్ 15కు సుమారు రెండు నెలల వ్యవధి కలదు. ఈ రెండు నెలలును మనకు పెట్టుబడి. తోటకూర 25, 30 దినములలో కోతకు వచ్చును. గోంగూర, బచ్చలి దానికంటె కొంచెము ఆలస్యము. బెండ 45, 50 దినములలో మొదటి కాయనిచ్చును. దోస, బీర 55, 60 దినములకు కాచును. ఆనప మరియొక వారము, పది దినములు పట్టును. కావున కాయజాతులను ఈ వారముననే విత్తవలెను. వీటిని ఒక నెల జాగు చేసినచో, ముఖ్యమైన దినములు గడచిన పిదప కాయలు వచ్చును. ఆకుకూరలను మాత్రము ఒక్కసారి విత్తరాదు. పదునైదు దినములకొక మడి చొప్పున విత్తవలెను. అన్నియు ఒక్కసారి విత్తినచో మార్చిలో తినలేనంత తోటకూర, మేలో ఒట్టి మడి మిగులును. పాలకూరకు చలి ఇష్టము, ఎండ ముదిరిన పిదప పూతకు పోవును. కాబట్టి దానికి ఒక మడి చాలును. వంగకు నారు పోసి నాటుటకే ఒక నెల గడచును. దానిని వచ్చే కార్తికమునకు ఉంచుకొందము. గట్టువెంబడి మునగ కొమ్మలను నేడే పాతవచ్చును. ఈ వేసవికి ఆకునీయకపోయినను, రాబోవు వేసవులకు అది మన మూలధనము.

ఇప్పుడు నీటి సంగతి చెప్పవలెను. దీనిని చెప్పుటకు ముందు నేనొక తప్పును ఈ సభలో ఒప్పుకొనవలెను. రెండు సంవత్సరముల క్రిందట నా కొట్టు వెనుక ఐదు సెంట్ల చోటున నేను కూరగాయలు వేసితిని. బావికి చిన్న మోటారు పెట్టి, ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట నీరు పారించితిని. మొదటి రెండు వారములు మొక్కలు కంటికి పండువుగా నున్నవి. మూడవ వారమున చిక్కుడాకుల అంచులు నిప్పు సోకినట్లు మాడినవి. నీరు చాలలేదనుకొని మరి యొక గంట పారించితిని. నెల తిరుగకముందే తోట తుడిచిపెట్టుకొనిపోయినది. నా తోట పోవుట నా నష్టము. కాని ఆ బావినీరే ఉప్పనై, పక్కనున్న నాలుగిండ్ల ఆడవారు వానలు పడువరకు దూరపు బావికి బిందెలు మోసిరి. ఆ అమ్మలలో ఇద్దరు ఈ సభలో కూర్చుండియున్నారు. నన్ను ఒక్క మాటయు అనలేదు. వారు అనలేదు గనుకనే నేడు నేనే చెప్పుకొనుచున్నాను. అమ్మా, అది నా తప్పు. మన్నించవలెను.

ఎందుకట్లు జరిగినదో తరువాత తెలిసికొంటిని. మన ఇసుకదిబ్బల క్రింద మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రపు నీరు మంచినీటికంటె బరువు. ఆ భేదము ఇంచుమించు 40వ వంతు. దానినిబట్టి, సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచియున్నచో, మట్టమునకు క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరే యుండును. దీనిని 1888లో హాలండు దేశపు ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మను దేశస్థుడు హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా కనిపెట్టినారు. వినుటకు ఇది శుభవార్త వలె నుండును. కాని లెక్కను తిరుగవేసి చూడుడు. పైనున్న ఆ ఒక్క అడుగును మనము తోడివేసినచో, క్రిందనున్న ఉప్పునీరు మెల్లమెల్లగా ఆ 40 అడుగులును పైకి లేచును. బిందెతో తోడిన నీరు వాననీటివలన మరల నిండును. మోటారుతో ఒక్కచోట గుంజినచో ఉప్పునీరు నేరుగా బావి అడుగుకే వచ్చి చేరును. వర్తకుని భాషలో చెప్పవలెనన్న, బిందెతో తోడువాడు వడ్డీని తినుచున్నాడు, మోటారుతో గుంజువాడు అసలునే తినుచున్నాడు. అసలు తిన్నవాడు దివాలా తీయక తప్పదు.

కావున ఈ తోటలో మోటారు పెట్టరాదని నా మొదటి ప్రార్థన. తోటలో పదేసి అడుగుల చదరపు మడులు ఇరువది ఏర్పరచినారు. మడికి ఉదయము రెండు బిందెలు, సాయంకాలము రెండు బిందెలు. దినమునకు 80 బిందెలు. ఒకరే మోసిన నడుము విరుగును. ఇరువదిమంది మోసినచో మనిషికి నాలుగు బిందెలే. ఆనప, దోస, బీర పాదులకు కుండ పాతు పద్ధతి మేలు. మెరుగు పూయని మట్టికుండను మెడవరకు పూడ్చి, నీరు నింపి, మూత పెట్టినచో, నీరు కుండగోడలగుండ ఊరి వేళ్లకు అందును. ఎండకు ఆవిరియై పోవునది స్వల్పము. ఇది నేటి తలంపు కాదు. క్రీస్తుకు పూర్వము 1వ శతాబ్దమునాటి చీనా వ్యవసాయ గ్రంథములో ఈ పద్ధతి వర్ణింపబడియున్నది. మన కుమ్మరి చేసిన పాత కుండ చాలును, క్రొత్తది కొననక్కరలేదు.

ఇసుక నేలకు నీరు నిలువదు, బలము నిలువదు. చెరువు ఒండ్రు, పశువుల పెంట, కుళ్లిన ఆకు కలిపి మడిని కట్టవలెను. పైన ఎండుటాకులనో, కొబ్బరి పీచునో పరచినచో తడి ఆరదు. చేపల తలలు, లోపలి వ్యర్థము మంచి ఎరువే. కాని పచ్చివాటిని ఆకుచెత్తతో కలిపి, లోతుగా పూడ్చి, కుళ్లిన పిదపనే వాడవలెను. ఎండుచేపల పొట్టును మాత్రము తోటలోనికి రానీయకుడు. దానితో ఉప్పు కూడ వచ్చును. చిక్కుడు, ఉల్లి ఉప్పును ఓర్వవు. పాలకూర, గంగవావిలి కొంతవరకు ఓర్చును. నేను చిక్కుడు వేసి చెడితిని. మీరు గంగవావిలి వేసి బాగుపడుడు.

గాలికి అడ్డు కావలెను. సముద్రపు గాలి ఉప్పును మోసికొని వచ్చి ఆకులను మాడ్చును. కంచెకు మన మొగలిని మించినది లేదు. గంజాం మొగలిపూవు అత్తరుల దుకాణములలో దేశమంతట పేరొందినది. ముండ్లుండుటచేత మేక దూరదు, ఇసుకను పట్టి నిలుపును, పూవును అమ్ముకొనవచ్చును. మొగలి ఎదుగువరకు కొబ్బరిమట్టల తడిక కట్టుకొందము. 1999 అక్టోబరు 17వ తేదీ తుపానును, 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానును చూచినవారము మనము. గాలి ముందు చెట్టు సైతము కూలునని మనకు తెలియును. కూలిన పిదప మరల నాటినవారే ఈ ఊరిలో మిగిలినవారు.

మందిరమునకును మట్టికిని సంబంధమేమని కొందరు అడుగుచున్నారు. ఈ సంఘమువాడను కాకున్నను, నేను చదివి తెలిసికొన్న రెండు మూడు సంగతులు మనవి చేసెదను. శాం హిగిన్‌బాటమ్ అను మిషనరీ 1903లో మన దేశమునకు వచ్చెను. ప్రజల బీదరికమును చూచి, బోధనతోబాటు నాగలి పనియు నేర్పవలెనని తలచి, తానే వ్యవసాయశాస్త్రము చదివి, 1910లో అలహాబాదు చెంత యమున ఒడ్డున వ్యవసాయ విద్యాలయమును స్థాపించెను. దక్షిణమున మార్తాండమునందు 1920 ప్రాంతములలో స్పెన్సర్ హాచ్ అనువారు, బీదవాడు తన పెరటిలో తానే చేసికొనగలిగిన పనులను, అనగా తేనెటీగల పెంపకము, కోళ్ల పెంపకము వంటివానిని, చేసి చూపించిరి. మన తెలుగు దేశముననే, 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్యగారి కాలమున, ఇల్లాండ్రు వంటకు బియ్యము పోయునపుడెల్ల ఒక గుప్పెడు తీసి వేరు కుండలో వేసి, వారాంతమున గుడికి తెచ్చుట వాడుకగా నుండెను. బీదవారు సైతము ఇచ్చువారే కాగలరని ఆ గుప్పెడు నేర్పినది. ఈ తోట కూడ ఆ గుప్పెడు వంటిదే. ఇది దానము పుచ్చుకొను చోటు కాదు, నాలుగు బిందెల నీరు ఇచ్చి కూర తీసికొను చోటు.

ఇంకొక దేశపు సంగతి. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రజలు ఇండ్ల వెనుకను, ఖాళీ స్థలములలోను కూరతోటలు వేసిరి. 1943 నాటికి అట్టివి సుమారు రెండు కోట్లుండెనని అంచనా. యుద్ధము ముగిసిన పిదప వానిలో అధికభాగము గడ్డి మొలచిపోయినది. అవసరము తీరగానే తోట మరపునకు వచ్చినది. మనకు అట్టి భయము అక్కరలేదు. వారికి యుద్ధము ఒకసారి వచ్చి పోయినది. మనకు ఏప్రిల్ 15 ప్రతి సంవత్సరమును వచ్చును.

నాకు భయమున్నది వేరొకచోట. ఉమ్మడి పనులు ఎండవలన చెడుటకంటె పంపకములవలన చెడుట ఎక్కువ. “నేను మోసినది ఆరు బిందెలు, ఆమె మోసినది రెండు” అను మాటతో తోటలు ఎండిపోవును. కావున కాపరిగారి అనుమతితో కొన్ని నియమములను సభ ముందుంచుచున్నాను. ఇరువది మడులలో పదునెనిమిది పదునెనిమిది కుటుంబములకు. ఏ మడి ఎవరిదో చీటీలు తీసి నిర్ణయింపవలెను. గుడికి వచ్చువారు, రానివారు, తెలుగువారు, ఒడియావారు అను భేదము చీటీలో నుండరాదు. పందొమ్మిదవది విత్తనపు మడి. దానిలో కాచిన మంచి కాయలను కోయక, ముదరనిచ్చి, రాబోవు ఏటికి విత్తనము దాచవలెను. ఇరువదవది పరిగె మడి.

పరిగె యన్న మాట మన తెలుగువారికి క్రొత్త కాదు. కోత కోసిన పొలములో రాలిన వెన్నులను పేదవారు ఏరుకొనుటయే పరిగె. మీ బైబిలు గ్రంథములోను, పొలము మూలలను పూర్తిగా కోయక బీదలకును పరదేశులకును విడువవలెనను ధర్మము కలదనియు, రూతు అను విధవరాలు అట్లే పరిగె యేరుకొనెననియు నేను వినియున్నాను. ఆ ధర్మమునకు ఇక్కడ ఒక మడి విడుతము. వేటకు పోయి తిరిగిరాని వారి ఇండ్లు, కొడుకులు దూరదేశములకు పనికి పోగా ఒంటరిగా మిగిలిన ముసలివారు, మంచమున పడినవారు, వీరికి ఆ మడి. వారు నీరు మోయనక్కరలేదు. ఆ మడికి వంతుల ప్రకారము అందరును మోయవలెను. వారు వచ్చి కోసికొనునప్పుడు “ఎంత కోసితివి?” అని ఎవరును అడుగరాదు. లెక్క కోరు వర్తకుడనైన నేనే చెప్పుచున్నాను, ఆ ఒక్క మడికి లెక్క వలదు.

మిగిలినవానికి లెక్క కావలెను. ఎవరు నీరు పోసిరి, ఏది విత్తిరి, ఎంత కోసిరి, ఎరువునకు ఎంత ఖర్చు, అన్నియు ఒక పుస్తకములో తెలుగున వ్రాసి, ప్రతి ఆదివారము ప్రార్థన ముగిసిన పిదప ఆవరణలో పెద్దగా చదువవలెను. చదువు పని బడిపిల్లలకు ఈయవలెను. ఆ పుస్తకమును, కలమును నేనిచ్చెదను. ఇంటికి కావలసినది తీరకముందు ఒక్క కాయయు బజారునకు పోరాదు. మిగిలినచో ముందు ఇరుగుపొరుగునకు, తరువాతనే అమ్మకము.

“మీ కూరగాయల వ్యాపారము దెబ్బతినదా?” అని ఒక మిత్రుడు నవ్వుచు అడిగెను. నవ్వులాటయైనను సరియైన ప్రశ్నయే. దెబ్బతినును. వేసవిలో బరంపురము బజారునుండి తెచ్చు గంపలు కొన్ని తగ్గును. కాని మిత్రులారా, అరువున పోయిన సరుకు అమ్మకము కాదు. జూన్ 14 తరువాత మొదటి వేట సొమ్ము వచ్చినప్పుడు, ఆ సొమ్ము వలకు పోవలెనా, నూనెకు పోవలెనా, పిల్లల పుస్తకములకు పోవలెనా, నా పాతబాకీకి పోవలెనా యని ఇల్లాలు లెక్కించుకొనుచు నా కొట్టు ముందునుండి తల వంచుకొని పోవుటను నేను చూచితిని. అట్లు తల వంచుకొని పోవు ఊరిలో ఏ వర్తకుడును బాగుపడడు. తల ఎత్తుకొని వచ్చి రొక్కమిచ్చి పప్పు కొనువారే నాకు కావలెను. ఇది పరోపకారము కాదు, దూరదృష్టిగల వర్తకము.

తుదకు మన భాషను గూర్చి ఒక మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి, బరంపురము ఈ వైపునను, ఇచ్ఛాపురము ఆ వైపునను నిలిచినది. అప్పటినుండి మనము ఇక్కడ అల్పసంఖ్యాకులము. ఈ నేల మనది, ఇక్కడి ఒడియావారు మనవారు. అందు సందేహము లేదు. ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములో 350-ఏ అధికరణమున, 1956నాటి సవరణచే, వ్రాయబడియున్నది. బడికొరకు మన సంఘము అర్జీలు పెట్టుచునే యున్నది. కాని భాషలో సగము బడిలో లేదు, పెరటిలో నున్నది. మా ఇంటి పిల్లను “ఇదేమి కూర?” అని అడిగినచో “శాగ” అని చెప్పినది. ఏ శాగయో తెలియదు. ఒడియాలో ఖడా, పోయి, సజనా అని వేరువేరు పేర్లు కలవు. ఆ పేర్లును దానికి రావు. తోటకూర, బచ్చలి, మునగ అను మన పేర్లును రావు. రెండు భాషలు తెలియవలసిన బిడ్డకు రెంటిలోను మాట లేకపోయినది. ఇది ఒడియావలన వచ్చిన నష్టము కాదు, పెరడు పోవుటవలన వచ్చిన నష్టము.

కాబట్టి ప్రతి మడి చెంత ఒక పలక నాటవలెను. దానిమీద తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒక పేరు. పొన్నగంటి, గంగవావిలి, చెంచలి, గోంగూర అని పిల్లలు మొక్కను ముట్టుకొని పలుకవలెను. ఒడియా తల్లులు మన తల్లులకు పఖాళములోనికి శాగ వేపుట నేర్పెదరు, మన తల్లులు వారికి గోంగూర పచ్చడి నూరుట నేర్పెదరు. ఇట్లు కలిసినచోట భాష పోదు, రెట్టింపగును.

అమ్మలారా, అయ్యలారా, నేను మాటలాడిన సమయములో ఒక మడికి నీరు పోసియుండవచ్చును. ఇక ముగించెదను. మట్టల ఆదివారము నాటికి మొదటి తోటకూర కోతకు వచ్చును. ఆ మొదటి కట్టలను పరిగె మడి పేరున ఆ ముసలి అవ్వవంటి వారి ఇండ్లకు పిల్లలచేత పంపవలెనని కోరుచున్నాను. ఏప్రిల్ 15వ తేదీ సాయంకాలము పడవలను ఒడ్డుకు లాగి, వలలను మడిచి, మన అన్నదమ్ములు ఇండ్లకు వచ్చునప్పుడు పొయ్యిమీద బెండకాయ పులుసు కాగుచుండవలెను. దాని పద్దు ఏ ఖాతా పుస్తకములోను ఉండరాదు, నా పుస్తకములో అసలే ఉండరాదు.

ఈ ఆనప విత్తును ఈ మడిలో వేయుచున్నాను. మొదటి బిందె నీరు, నేను చెడగొట్టిన బావి పక్కనుండు ఆ ఇద్దరు అమ్మలలో ఒకరు పోయవలెనని వేడుకొనుచున్నాను. రెండవ బిందె నేను మోసెదను.